సవరణ: ఆ నాణెం కాన్‌స్టాంటైన్‌ది కాదు, ఆయన కొడుకుది

ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ పొలంలో మా ఫ్రెండ్‌కి దొరికిన రోమన్ రాగి నాణెం గురించి పోయిన వారం రాస్తూ, అది రోమన్ చక్రవర్తి మొదటి కాన్‌స్టాంటైన్‌దని, క్రీ.శ. 330-335 మధ్యదని చెప్పాను. తప్పు నాదే. ఇక్కడి ఫైండ్స్ ఆఫీసర్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారి) లెన్స్ కింద పెట్టి చూపించారు: వెనకవైపు ఇద్దరు సైనికుల మధ్య రెండు ధ్వజాలు ఉన్నాయనుకున్నాను కదా, అందులో ఒకటి పచ్చగా పేరుకున్న చిలుము గీత. ఉన్నది ఒక్క ధ్వజమే, అంటే 335లో మొదలైన రకం. ముందువైపు అక్షరాల చివర ‘ఐయుఎన్ నోబ్ సి’ (లాటిన్‌లో ‘చిన్నవాడు, మహా ఘనుడైన సీజర్’ అన్నదానికి పొట్టి రూపం) అని ఉంది, అంటే కొడుకు రెండో కాన్‌స్టాంటైన్ ఇంకా సీజర్‌గా, అంటే చక్రవర్తి కింది ఉపపాలకుడిగా ఉన్నప్పటిది; 337లో ఆయన చక్రవర్తి అయ్యాడు కాబట్టి 335-337 అని రాసుకోండి. కింద ‘టిఆర్‌పి’ గుర్తు ఉంది, ట్రియర్ (ఇప్పటి జర్మనీలోని ఊరు) టంకశాల అని నేను చెప్పింది మాత్రం సరైనదే.

ఇంకోటి, దొరికిన నాణేన్ని "రికార్డు చేయించాలి" అని నేనంటే, ప్రభుత్వం దాన్ని తీసేసుకుంటుందని చాలామంది అనుకున్నారు. అలా కాదండీ. 300 ఏళ్లు దాటిన రాగి నాణేలు ఒకే చోట కనీసం 10 కలిసి దొరికితే 1996 ట్రెజర్ చట్టం (దొరికిన నిధుల గురించి ఇక్కడి చట్టం) కిందికి వస్తాయి. ఒక్కటే దొరికితే నమోదు మన ఇష్టం. బరువు, వ్యాసం, ఫోటోలు, దొరికిన చోటు రాసుకుని నాణెం తిరిగి ఇచ్చేస్తారు. దయచేసి ఈలోగా దాన్ని తోమకండి, ఆ ‘నోబ్ సి’ అరిగిపోయి ఉంటే ఎవరిదో తేల్చడం చాలా కష్టమయ్యేది.