సకినాల మీద కూత

సంక్రాంతికి ముందు ఓరుగల్లు ఇళ్లలో హాలు మనుషులు తిరగడానికి పనికిరాదు. సోఫాలు గోడకు జరుగుతాయి, ఉతికిన పాత ధోవతులు నేల మీద పరుచుకుంటాయి, వాటి మీద వరుసలు వరుసలుగా సకినాలు వెలుస్తాయి. పచ్చి సకినం మహా సుకుమారి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయాలి. గుడ్డ తడి పీల్చుకునేదాకా దాన్ని ముట్టుకోకూడదు, దాని దగ్గర తుమ్మకూడదు. కబడ్డీ అసలే ఆడకూడదు. ఈ చివరి నియమం ఎవరికైనా విడిగా చెప్పాల్సి వస్తుందని మా ఇంటి ఆడవాళ్లు కలలో కూడా అనుకోలేదు.

2025 జనవరి, భోగికి ముందు రోజు. హనుమకొండలో మా అక్క వాళ్లిల్లు. మా బావ ఇంకా సంతాప దినాల్లోనే ఉన్నాడు. అంతకు వారం కిందటే సిడ్నీలో మనవాళ్లు ఓడి, 2017 నుంచి మన దగ్గరున్న బోర్డర్–గావస్కర్ ట్రోఫీని ఆస్ట్రేలియాకు అప్పగించి వచ్చారు. బుమ్రా ఒక్కడే 32 వికెట్లు తీశాడని, మిగతావాళ్లు ఏం చేశారని, కనిపించిన ప్రతివాడికీ మొదటి నుంచి చెబుతున్నాడు.

పల్లె నుంచి పండక్కి వచ్చిన మా చిన్నాయన ఓపిగ్గా అంతా విన్నాడు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న కబడ్డీ ఆటగాడాయన. "నెలన్నర ఆడి ఓడారా అల్లుడూ? మా కబడ్డీలో నలభై నిమిషాల్లో ఓడిపోవచ్చు" అన్నాడు.

బావ ముఖం ఎర్రబడింది. "ఊపిరి బిగబట్టి ఒకే మాట అనడం కూడా ఒక ఆటేనా మామయ్యా?"

"భోజనానికి ఒక విరామం, టీకి ఒక విరామం, ఐదు రోజులయ్యాక ఎవరూ గెలవలేదని అందరూ చేతులు కలపడం. అది ఆటా, పెళ్లా?"

ఇక మా మేనమామ ఆగలేకపోయాడు. లెక్కల సారు, చదరంగం పిచ్చి. "మీ రెండింటిలోనూ మెదడుకు పని తక్కువ. మన హనుమకొండ కుర్రాడు అర్జున్ ఇరిగేసి మొన్న డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. మన దేశంలో ఆనంద్ తర్వాత అతనొక్కడే. మీ వీధి వాడి గురించి మీకు తెలియదు, సిడ్నీ సంగతులు కావాలి" అన్నాడు. "కూర్చుని ఆడేది కూడా ఆటే అయితే మా ఆఫీసంతా క్రీడాకారులే" అన్నాడు బావ.

మా బాపు రోజూ పొద్దున జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో నడుస్తాడు కాబట్టి ఆయన పక్షం పరుగు. "బంతి లేదు, బ్యాటు లేదు, కూత లేదు, గుర్రం లేదు. మన కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు పరిగెత్తి కాంస్యం తెచ్చింది. దానికి వ్యాఖ్యానం కావాలా?" అన్నాడు. తర్వాత అలవాటు ప్రకారం 2021కి వెళ్లాడు. ఆ ఏడాది జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఆ స్టేడియంలోనే జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5 సెకన్ల చిల్లరలో పూర్తిచేసి, 2002 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డును చెరిపేసింది. అదే స్టేడియంలో మా బాపు ఒక్క చుట్టు, అంటే 400 మీటర్లు, తిరగడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. ఈ సంగతి ఆయనే గర్వంగా చెప్పుకుంటాడు. రికార్డులో తనకూ వాటా ఉందన్నట్టు.

ఏ ఆట గొప్పదన్న తగాదా ఆడేవాళ్ల మధ్య పుట్టగా నేను చూడలేదు. అది కడుపు నిండిన ప్రేక్షకుల వ్యవహారం. ఇంకో సంగతి కూడా గమనించాను. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. బాక్సింగ్ ఒక ఆటేనా అని ఆ హాల్లో ఒక్కరూ అనలేదు.

మాటలతో తేలేది కాదని బావ వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి కవర్ డ్రైవ్ చూపించాడు. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉండాలో, తల ఎటు వంగాలో వివరించాడు. చిన్నాయన లుంగీ పైకి మడిచి కట్టాడు. "ఇదిగో, ఈ ధోవతి అంచే మధ్యగీత. అటువైపు నీ కోర్టు. ముప్పై సెకన్లలో నిన్ను తాకి వస్తాను, పట్టుకో చూద్దాం" అని కూతకు బయలుదేరాడు.

నిజం చెప్పాలంటే ఆ కాళ్లు చూడముచ్చటగా కదిలాయి. బరువంతా ముంగాళ్ల మీద, ఒక చెయ్యి ముందుకు, చూపు బావ మోకాళ్ల మీద. బావ బ్యాటింగు భంగిమలోనే కొయ్యబారిపోయాడు. చిన్నాయన వంగి ఆ అప్పడాల కర్ర కిందుగా చెయ్యి పోనిచ్చి, మోకాలు తాకి వెనుదిరిగాడు. జీవితంలో ఎన్నడూ కబడ్డీ ఆడని బావ ఏ దేవుడు పూనాడో గాని కర్ర వదిలేసి, పడుకుని మరీ చీలమండ పట్టేశాడు. చిన్నాయన ఉన్నదంతా సాచి మధ్యగీత మీద పడ్డాడు. మధ్యగీతకు అవతల ఏమున్నదో మీకు తెలుసు.

"పాయింటు!" అని ఆయన అరిచిన అరుపుకు వంటింట్లో గరిట కింద పడింది.

లేపి చూస్తే రెండు వరుసల సకినాలు లేవు. చిన్నాయన మోచేతికి ఒక సకినం మూడు చుట్లతో చెక్కుచెదరకుండా అతుక్కుని ఉంది, చెంప మీద నువ్వులు. బావ ఇంకా కాలు వదల్లేదు. మా మేనమామ మాత్రం "నేను ముందే రెండు ఎత్తులు ఊహించాను" అన్నాడు. ఊహించినవాడు చెప్పవచ్చు కదా అని చిన్నమ్మ చూసిన చూపు ఇప్పటికీ ఆయనకు గుర్తుండే ఉంటుంది.

అక్క అరవలేదు. మిగిలిన పిండి గిన్నె తెచ్చి నలుగురి మధ్యలో పెట్టింది. "చిన్నాయనా, మీరు కూడా కూర్చోండి. పోయినవన్నీ తిరిగి చుట్టండి. ఏ ఆట గొప్పదో ఆ తర్వాత చెబుదురు గాని."

పిండి వాళ్ల మాట వినలేదు. బావ వేళ్ల మధ్య అది తెగి చుక్కలు చుక్కలుగా రాలింది. కాసేపటికి ఇది మణికట్టు విద్య అని, లెగ్ స్పిన్నర్లకు పుట్టుకతోనే వస్తుందని ప్రకటించాడు. గొంతుకు కూర్చోవడంలోనే ఉంది కిటుకంతా అన్నాడు చిన్నాయన. బాపుకు ఇది చివరిదాకా నిలబడేవాడి పని అనిపించింది, నడుము పట్టేసి మధ్యలోనే లేచాడు. మేనమామ చాలాసేపు గుడ్డను చూస్తూ ఆలోచించి ఒకే ఒక సకినం చుట్టాడు. దాన్ని చూసి చిన్నమ్మ కూడా తల పంకించింది. రెండోది ఎప్పుడు చుడతారని అడిగితే ఇంకా ఆలోచిస్తున్నానన్నాడు.

తర్వాతి ఆదివారం అందరం మళ్లీ అదే హాల్లో ఉన్నాం. ఢిల్లీలో ఖోఖో ప్రపంచ కప్పు ఫైనళ్లు. బడిలో ఉన్నప్పుడు అక్క ఖోఖో జట్టులో ఉండేదని మాకెవరికీ గుర్తులేదు, ఆ రోజు రిమోట్ మాత్రం ఆమె చేతిలో ఉంది. సందేహాలు ఎన్నైనా అడగవచ్చు, పోలికలు తేకూడదని ముందే షరతు పెట్టింది. తరిమేవాళ్లు వెనక్కి తిరగకూడదు, తప్పించుకునేవాళ్లు ఎటైనా పరిగెత్తవచ్చు అని ఆమె చెబుతుంటే బావ నోరు తెరుచుకుని విన్నాడు. ఓ అమ్మాయి స్తంభం పట్టుకుని గాలిలో వంగి అవతలి వీపు తాకినప్పుడు మేనమామ లేచి నిలబడ్డాడు. మన అమ్మాయిలు నేపాల్ మీద 78–40తో, అబ్బాయిలు 54–36తో గెలిచారు. బాపు స్టేడియంలో లాగా హాలంతా నడుస్తూ చప్పట్లు కొట్టాడు.

"మా కబడ్డీలో అయితేనా..." అని చిన్నాయన మొదలుపెట్టాడు.

అక్క మాట్లాడకుండా సకినాల పళ్లెం ఆయన ముందుకు జరిపింది. అందులోవన్నీ ఆయన చుట్టినవే. ఒకటి కొరికాక, చాలాసేపు ఆయన నుంచి మాట రాలేదు.