ఏడో కారిడార్ ఎప్పుడో మొదలైంది

మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేవాళ్ల ముఖంలో ఇంటికి చేరుతున్న కళ ఉండదు. ఎల్బీ నగర్ నుంచి 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, గంటలోపే దాటేసి, ఏసీలో చెమట ఆరబెట్టుకుని వచ్చిన మనిషి చివరి మెట్టు మీద కాసేపు ఆగుతాడు. బ్యాగు భుజం మీంచి ఛాతీ మీదికి మార్చుకుంటాడు. చిల్లర జేబు తడుముకుంటాడు. అప్పుడు రోడ్డు మీద కాలు పెడతాడు.

స్టేషన్ నుంచి ఇంటిదాకా మిగిలిన ఈ ఆఖరి ముక్క ప్రయాణాన్ని పెద్దలు లాస్ట్ మైల్ కనెక్టివిటీ అంటారు. మైలంటే 1.6 కిలోమీటర్లని మాకు బళ్లో చెప్పారు. బాచుపల్లి వాళ్లను అడిగితే వేరే లెక్క చెబుతారు.

2017 నవంబర్ 28న ప్రధానమంత్రి ఈ మియాపూర్‌లోనే హైదరాబాద్ మెట్రోను ప్రారంభించారు. రైలెక్కి కూకట్‌పల్లి వెళ్లి, అదే రైల్లో తిరిగొచ్చారు. మెట్లు దిగి పటాన్‌చెరు పోవాల్సిన పని ఆయనకు పడలేదు. పడి ఉంటే మెట్రో రెండో దశ అప్పుడే మొదలయ్యేదని నా అనుమానం.

ఆ రెండో దశలో ఏడో కారిడార్, అంటే ఏడో మార్గం, మాది. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్లు. 2024లో రాష్ట్ర మంత్రివర్గం సరేనంది, ఫైలు ఢిల్లీ వెళ్లింది. ఈ వార్త చదివి నాకు ప్రభుత్వం మీద జాలేసింది. ఆ కారిడార్ ఎన్నో ఏళ్లుగా నడుస్తోందని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. షేర్ ఆటోల్లో నడుస్తోంది.

దీనికి పిల్లర్లు అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. స్టేషన్లు ఎన్ని అనే చర్చ అసలే లేదు, చెయ్యెత్తిన ప్రతిచోటా స్టేషనే. మెట్రోలో తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో మైకులో చెబుతారు. ఇక్కడ తలుపులే లేవు. టైమ్‌టేబుల్ మాత్రం చాలా కచ్చితం: నిండితే కదులుతుంది.

నిండడం అనే మాటకు కొంచెం వివరణ కావాలి. ఆటోకు ముగ్గురు ప్రయాణికులని చట్టం. చట్టం రాసినవాళ్లు సాయంత్రం ఏడింటికి మియాపూర్ రాలేదు. వెనక నలుగురు, డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు. ఆ ముందు సీట్లో నాకు సగం దొరికింది, మిగతా సగం ముంబై హైవే మీద ఉంది. చందానగర్ దాటేదాకా నా ఎడమ కాలు ఆటోలో ఉందో జాతీయ రహదారి మీద ఉందో తేలలేదు. ఇంతలో ఇంకొకాయన ఎక్కాడు. "జర జరుగన్నా" అన్నాడు డ్రైవర్. ఎటు జరగాలో ఇంజనీర్లే చెప్పాలి.

ఇక ఛార్జీలు. మెట్రో ఛార్జీలు పెంచాలంటే ఒక కమిటీ వేశారు. కమిటీ నివేదిక 2023లో ఇస్తే పెంపు 2025 మే నెలలో వచ్చింది. వచ్చిన వారానికే పది శాతం తగ్గించారు. మా డ్రైవర్ ఆకాశం వైపు ఒకసారి చూస్తాడు. మబ్బుంటే ఒక రేటు, చినుకు పడితే ఇంకో రేటు. మొత్తం ప్రక్రియకు మూడు సెకన్లు.

బస్సులు లేవా అంటే ఎందుకు లేవు? కోఠి నుంచి పటాన్‌చెరు పోయే 218 మెట్రో పుట్టకముందు నుంచీ ఉంది. కాకపోతే అది వచ్చే వేళకు మనం మెట్ల మీద ఉంటాం. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆటోవాళ్ల గిరాకీ పడిపోయి ధర్నాలు కూడా చేశారు. ఆ బాధ నిజమైనదే. అందుకే నాది ఒకే ప్రతిపాదన: ఈ ఆటోలను ఏడో కారిడార్‌గా గుర్తించి, కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం వేసి, డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదిక ఖర్చు మిగుల్చుకోవాలి.

ఈ సంగతే డ్రైవర్‌కు చెప్పి, పటాన్‌చెరుకు నిజంగానే మెట్రో వస్తే మీ పరిస్థితేంటన్నా అని అడిగాను. పక్కకు తిరిగి నన్ను చూశాడు.

"రానీ అన్నా, మాకేం? పటాన్‌చెరుల దిగినోళ్లు ఇస్నాపూర్ ఎట్ల పోతరు మరి?"