సాష్టాంగం పడితే సైరన్

ఉలవపాడులో అమ్మ ఒక్కతే ఉంటుంది. మనిషి కింద పడితే తనంతట తనే మనకు ఫోన్ చేసే బిళ్ల ఒకటి నేను కొన్నాను. మా బామ్మర్ది అదే పని చేసే వాచీ తెచ్చాడు. ఒకసారి ఛార్జింగ్ పెడితే ఏది ఎక్కువ రోజులు నిలుస్తుందో అని కిలో మలై కాజా పందెం. అమ్మ మాత్రం, "ముందు మీరు తగిలించుకోండి అబ్బయ్యా, మెడలో గంట కట్టడానికి నేనేమన్నా గొడ్డునా?" అంది.

బిళ్ల డబ్బా మీద ఐదు రోజులని ఉంది. అమ్మ వాళ్లింట్లో అది ఒకటిన్నర రోజుకే కళ్లు తేలేసింది. షాపతన్ని అడిగితే ఐదు రోజులనేది స్టాండ్‌బైలోనట. అంటే ఏ పనీ చేయకుండా ఉంటే. ఆ లెక్కన నేనూ ఐదు రోజులు వస్తాను. ఆ పాతింటి మందపాటి గోడల మధ్య సిగ్నల్ ఒకటే గీత. టవర్ కోసం వెతుక్కోవడానికే ఛార్జింగంతా పోతోంది. "సిగ్నలున్న చోట వాడండి సార్" అన్నాడు. పడేముందు మేడెక్కి పడాలన్నమాట.

సరే, రెండూ నేనే తగిలించుకుని నెల్లూరు వచ్చేశాను. వాచీ రెండో రోజే ఆరిపోయింది. మూడో రోజు, శనివారం, రంగనాయకస్వామి గుడిలో సాష్టాంగ నమస్కారం చేయబోతే మోకాలు పట్టేసింది. ధబ్బున పడ్డాను. ధబ్బున పడి కదలకుండా ఉంటే మనిషికేదో అయిందని దాని లెక్క. భక్తి దాని లెక్కలో లేదు.

బిళ్ల కూత మొదలెట్టింది. ముప్పై సెకన్లలోపు బొత్తాన్ని నొక్కిపట్టుకుంటే ఆగుతుంది. ఆ బొత్తామేమో నా పొట్ట కింద. నా పొట్ట సంగతి ఇక్కడ చర్చకు పెట్టను. చెయ్యి లోపలికి దూర్చి గిలగిల్లాడుతుంటే వెనకనుంచి ఎవరో, "ఫిట్సు! ఫిట్సు! తాళాలు పెట్టండి చేతిలో!" అని అరిచారు. తాళాలు వచ్చాయి. నా గుప్పిట తెరిచి, గుత్తి కుక్కి, మళ్లీ మూసి, ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు. "ఫిట్సు కాదండీ, బ్యాటరీ" అన్నాను. "పాపం, కలవరిస్తున్నాడు" అందొక పెద్దావిడ. శఠగోపంతో వచ్చిన పూజారి గారు, ఎటూ వంగే ఉన్నాను కదా అని, అక్కడే నెత్తిన పెట్టేశారు.

ముప్పై సెకన్లు అయిపోయాయి. మొదటి నంబరు మా ఆవిడది. గుడని స్విచ్చాఫ్. రెండోది బామ్మర్దిది. పొట్ట కిందనుంచి స్పీకర్‌లో గుడంతా వినపడేట్టు, "బావా! నీది ఇంకా చావలేదా?"

పట్టుకున్నవాళ్లు ఒక్కసారి వదిలేశారు. "చావలేదురా, గెలిచాను" అంటుండగానే బిళ్ల కుయ్యిమని ఆరిపోయింది. మూడు రోజులు నిండటానికి ఇంకా గంట ఉంది కాబట్టి పందెం చెల్లదని ఇప్పుడు కొత్త షరతు పెడుతున్నాడు వాడు.

ఇంటికొచ్చి చూసుకుంటే ఎవరివో ఆ తాళాలు నా జేబులోనే ఉన్నాయి. ఒకటి స్కూటర్‌ది, రెండు బీరువావి.