బత్తాయి నల్లగొండది, వచ్చేది హైదరాబాద్ గోదాం నుంచి

మొన్న నల్లగొండలో ఓ సూపర్ మార్కెట్‌లో బత్తాయిలు ఏరుతూ, ఎక్కడివని తూకం దగ్గరున్న పిల్లాడిని అడిగాను. "హైదరాబాద్ గోదాం నుంచి వస్తయి సార్, పొద్దున బండిల" అన్నాడు. ఏ తోటవో అతనికి తెలియదు, మేనేజర్‌కీ తెలియదు. బత్తాయి అనగానే గుర్తొచ్చే జిల్లాలో నిలబడి విన్న ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. ఇక్కడ తెంపిన కాయ లారీ ఎక్కి హైదరాబాద్ శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతుంది, అక్కడ కమీషన్, హమాలీ, మళ్లీ కిరాయి, ఆ ఖర్చంతా చివరికి రైతు మీదో మన మీదో పడుతుంది.

సూపర్ మార్కెట్ వద్దని నేను అనను. మా అమ్మ కిరాణం కొట్టులో చీటీ ఇచ్చి, సేటు కట్టిచ్చింది తెచ్చుకునేది, ధర అడగడానికి మొహమాటపడేది. ఇప్పుడు కందిపప్పు ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, రేటు చూసి, ఎక్కువనిపిస్తే అక్కడే పెట్టేస్తుంది. అది చిన్న విషయం కాదు. కానీ వడ్ల పైసలు పడేదాకా ఉద్దెర రాసుకున్నది ఆ సేటే. బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్దెర ఉండదు. నెల జీతం వచ్చేవాళ్లకు క్రెడిట్ కార్డు ఉంది, కూలికి పోయేవాళ్లకు ఏముంది? అందుకే ఆ కొట్లు బతకాలి.

మన రాష్ట్రం సూపర్ మార్కెట్ చైన్ అయితే మనల్ని చూసుకుంటుందని కొందరి నమ్మకం. 1986లో హైదరాబాద్‌లో మొదలైన త్రినేత్ర సూపర్ మార్కెట్లు గుర్తున్నాయా? 2007లో ఆదిత్య బిర్లా గ్రూప్ చేతికి పోయాయి, బోర్డులు మారి మోర్ అయ్యాయి. ఓనర్ ఎవరన్నది రేపు మారొచ్చు, కాబట్టి నేను చూసేది ఒక్కటే, ఆ కొట్టు ఇక్కడ ఎంత కొంటోంది అని.

చైన్లన్నీ కొనుగోలు ఒకేచోట పెట్టుకోవడానికి కారణం ఉంది. అన్ని బ్రాంచీలకు కలిపి బేరమాడితే రేటు తగ్గుతుంది, కాయ సైజు, బిల్లులు అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి. ఒక్క రైతు రోజూ అంతే సరుకు ఇవ్వలేడన్నదీ నిజమే, అయితే రైతు సంఘాలు ఉన్నాయి, పదిమంది కలిస్తే ఇవ్వగలరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు ఆడించే మిల్లులు మిర్యాలగూడ నిండా ఉన్నాయి. పాలమూరులో పల్లి ఉంది, ఎండాకాలం వస్తే కొల్లాపూర్ మామిడి ఉంది. వీటిలో కొన్నైనా నేరుగా ఇక్కడే కొనే అధికారం బ్రాంచి మేనేజర్‌కు ఇవ్వాలి, రైతుకు వారంలోపు పైసలు వేయాలి, బత్తాయి గంప మీద ఏ ఊరి తోటదో రాసి పెట్టాలి. కొత్త బ్రాంచికి రిబ్బన్ కట్ చేయడానికి వెళ్లే మన నాయకులు ఆ రోజే ఈ మాట అడగాలి.