'బాచి' అని పలకరించి వెళ్లిపోతాం

హంగేరీ స్వరకర్త జోల్తాన్ కోదాయ్ 1933లో, వాద్యాల తోడు లేకుండా స్త్రీ పురుష కంఠాలే పాడే ఒక బృందగానాన్ని కూర్చాడు. దాని పేరు 'ఒరెగెక్', అంటే వృద్ధులు. అప్పటికి ఆయనకు యాభై నిండాయి. కవిత రాసిన షాన్డోర్ వొరెష్ మాత్రం 1913లో పుట్టినవాడు, రాసేనాటికి ఇరవై కూడా నిండనివాడు. (హంగేరీవారు కూడా మనలాగే ఇంటిపేరును ముందు పెట్టుకుంటారు, అక్కడ ఆయన వొరెష్ షాన్డోరే.) ముసలితనం మీద ముసలివారు చెప్పుకున్న పద్యాలు మనకు కొల్లలుగా ఉన్నాయి గాని, ఒక కుర్రవాడు కిటికీలోంచి చూసి రాసినదానికి నడివయసు మనిషి స్వరాలు కట్టడం అరుదు.

ఆ కవితలో కథ లేదు, చూపు ఉంది. వణికించే గాలిలో వీపున పుల్లల మోపుతో తడబడుతూ ఇల్లు చేరేవారు, వేసవిలో వసారాలో ఎండ కాగేవారు, చలికాలం రాత్రి కుంపటి పక్కన హాయిగా నిద్రపోయేవారు, చర్చి ముందు చెయ్యి చాచి నిలబడేవారు అందులో కనిపిస్తారు. మొదటి వాక్యమే వారందరినీ అనాథలంటుంది. పసివాళ్లకు వాడే మాటను తెచ్చి ముసలివాళ్లకు తగిలించాడు ఆ కుర్రవాడు.

నన్ను ఆపేసిన చోటు వేరే ఉంది. కర్ర ఊతంతో వీధిలో నడిచే ముసలాయనను జనం వింతగా "యోనపోట్, బాచి" (నమస్కారం, బాచి) అని పలకరిస్తారు. 'బాచి' అంటే మన బాబాయి వంటి మాటే. చుట్టరికం లేని పెద్దవారిని కూడా అలాగే పిలుస్తారు. వరస కలిపిన ఆ పిలుపే ఆయనను తమనుంచి వేరుచేసి చూపిస్తుంది. పాడేది గుంపు కావడం వల్ల ఆ పలకరింపులో ఆ గుంపుకూ, వింటున్న మనకూ వాటా ఉందనిపిస్తుంది.

పరాయి దేశంలో ఉంటున్న మన తెలుగు సంఘం ఉగాది సభలో మనం చేస్తున్నది ఇంతకంటే భిన్నమేమీ కాదని నా అభిప్రాయం. ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను 'అంకుల్', 'ఆంటీ' అంటూ వేదికమీదికి పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేస్తాం. ఆ కార్యక్రమాన్ని రెండేళ్లు నడిపినవాడిని కనుక తప్పులో నాకూ పాలుంది. మడత విప్పని శాలువాను ఒడిలో పెట్టుకుని, భోజనాలు ఎటువైపో అడగడానికి తెలిసిన ముఖం కోసం వెతుకుతున్న ఒక పెద్దాయనను చూసి కూడా నేను మైకు సర్దుకుంటూ ఉండిపోయాను.

శాలువాలు ఒక ఏడాది మానేసి, మన తెలుగు బడిలో పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలను తమ ఇంటి పెద్దవారిని ఒక రోజంతా గమనించి, పొగడ్త లేకుండా, చూసింది చూసినట్టు పది వాక్యాలు రాయమని అడగాలి. వాటిని సభలో పిల్లలే గొంతు కలిపి చదవాలి. మా ఇంట్లో ఇది ముందే చేసి చూశాం. తాతయ్య తెల్లవారుజామున మూడింటికే లేచి, ఎవరి నిద్రా చెడకూడదని దీపం కూడా వేయకుండా వంటింట్లో కుర్చీలో కూర్చుంటాడని మా అమ్మాయి రాసేదాకా నాకు తెలియదు.