కార్డు పోయిందా? డ్రైవర్ అప్‌డేట్ చేయండి

లాప్‌టాప్‌లో స్క్రీన్ మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు పోవడం అనేది అసలు జరగని పని, ముందు ఈ సంగతి అందరం ఒప్పేసుకుంటే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. ర్యామ్ పోతుంది, హార్డ్ డిస్క్ పోతుంది, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి లేపుతుంది, కీబోర్డులో ఒక బటన్ ఊడి చేతికొస్తుంది, ఇవన్నీ లోకంలో జరిగేవే, ఎవరూ కాదనరు. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం ఎప్పుడూ డ్రైవర్ ప్రాబ్లమే, అంటే కార్డుని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌దే తప్పు. స్క్రీన్ నిండా పచ్చ గీతలొచ్చినా డ్రైవరే, గేమ్ ఓపెన్ చేయగానే బ్లూ స్క్రీన్ పడినా డ్రైవరే, ఆఖరికి పవర్ బటన్ నొక్కగానే వచ్చే కంపెనీ లోగో మీదే గళ్ళు గళ్ళుగా రంగు చుక్కలు కనబడినా కూడా డ్రైవరే. ఆ టైముకి విండోస్ ఇంకా లేవనే లేదు, పాపం ఆ డ్రైవర్ డిస్క్‌లో ఓ మూల పడుంది, ఐనా నేరం దాని మీదే.

ఇంత నిష్ఠగా అందరూ ఒకే మాట మీద నిలబడే విషయాలు ఈ రోజుల్లో చాలా తక్కువ కాబట్టి దీన్ని కాపాడుకోవాలని నా మనవి.

విండోస్‌లో లోపలి భాగాలన్నిటి జాబితా ఉండే డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ పక్కన బాణం నొక్కితే రెండు పేర్లొస్తాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్, కొనేటప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి కూడా తీసుకోరు. రెండోది అసలు కార్డు, మనం డబ్బులు పోసింది దీనికే, దాని ఐకాన్ మూలన చిన్న పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. డబుల్ క్లిక్ చేస్తే డివైస్ స్టేటస్ అనే డబ్బాలో ఒక వాక్యం ఉంటుంది, ఈ డివైస్ తనకి సమస్యలున్నాయని చెప్పింది కాబట్టి విండోస్ దీన్ని ఆపేసింది, కోడ్ 43. ఏం సమస్యలో చెప్పదు. ఎప్పట్నుంచో చెప్పదు. బాధ్యత మాత్రం మొత్తం కార్డు మీదకి నెట్టేసి తను చేతులు దులుపుకుంది చూశారా, ఇంత శుభ్రమైన వాక్యం రాయడం మామూలు విషయం కాదు. సరే కదా అని అదే విండోలో డ్రైవర్ ట్యాబ్‌కి పోయి అప్‌డేట్ నొక్కితే కాసేపు ఆలోచించి, మీ డివైస్‌కి బెస్ట్ డ్రైవర్ ఆల్రెడీ ఇన్‌స్టాల్ అయ్యుంది అంటుంది. ఒక ట్యాబ్ ఏమో ఆపేశాం అంటుంది, పక్క ట్యాబ్ ఏమో అంతా బెస్ట్ అంటుంది, రెండూ నిజమే.

అసలు ఆ చిన్న గ్రాఫిక్స్, ఈ పెద్ద కార్డు, ఇద్దరి సంసారం ఎలా నడుస్తుందో తెలిస్తే కార్డు మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. 2010లో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా వాళ్ళు ఆప్టిమస్ అని ఒకటి తెచ్చారు, అప్పట్నుంచి చాలా లాప్‌టాప్‌లలో స్క్రీన్ వైరు వెళ్ళేది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కే, పెద్ద కార్డుకి కాదు. పెద్ద కార్డు బొమ్మ గీసి, దాన్ని కాపీ చేసి చిన్నదాని మెమరీలో పడేస్తుంది, అక్కడ్నుంచి స్క్రీన్ దాకా మోసుకెళ్ళేది చిన్నదే. అంటే ఆఫీసులో పెద్ద సారు సంతకం పెడతారు, ఫైలు పట్టుకుని తిరిగేది గుమాస్తా. సారు రాకపోయినా ఆఫీసు నడుస్తుంది, మెయిల్స్ వెళ్తాయి, సినిమాలు ఆడతాయి, ఎక్సెల్ షీట్లు తెరుచుకుంటాయి, నిజం చెప్పాలంటే ఫ్యాన్ గోల తగ్గి బ్యాటరీ కూడా ఇంకాసేపు వస్తుంది. ఐనా సరే లాప్‌టాప్ మీద స్టిక్కర్ ఎవరి పేరు మీద ఉంది? సారు పేరు మీద. అందుకని ఆయన పోయారని ఎవరూ అనకూడదు, లీవులో ఉన్నారనాలి.

ఈ లీవు మర్యాదని పాటించడంలో విండోస్‌ని మించింది లేదు. కార్డు ఉలుకూ పలుకూ లేకుండా ఐపోతే విండోస్ రెండు సెకన్లు ఆగుతుంది, అప్పటికీ జవాబు రాకపోతే డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది, విస్టా కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. స్క్రీన్ ఒక్కసారి నల్లగా ఐపోయి మళ్ళీ వస్తుంది, జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు కింద ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అనే ఎన్విడియా డ్రైవర్ స్పందించడం మానేసింది, మళ్ళీ కోలుకుంది అని రాసుకుంటుంది. కోలుకుంది అనే మాట చూసి మనం ధైర్యం తెచ్చుకుంటాం. నిమిషంలో ఐదు సార్లకి మించి ఇలా కోలుకుంటే మాత్రం విండోస్ కూడా ఓపిక నశించి బ్లూ స్క్రీన్ వేసేస్తుంది. దీనికి నిపుణులు కనిపెట్టిన విరుగుడు ఏంటంటే విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలోకి పోయి ఆ రెండు సెకన్లని ఎనిమిదో పదో చేయడం. అంటే పలకని కార్డుకి పలకడానికి ఇంకాస్త టైమివ్వడం. భారీ రెండరింగ్ పనుల్లో దీనికి నిజంగా ఉపయోగముంది, కాదనను, కానీ చిప్పే పోయినప్పుడు దీనివల్ల వచ్చే లాభం నల్ల స్క్రీన్‌ని ఇంకొంచెం ఎక్కువసేపు చూడటం.

ఇక డీడీయూ. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని దాని పూర్తి పేరు, పాత డ్రైవర్ ఆనవాళ్ళు లేకుండా తుడిచేసే మంచి టూల్, టూల్‌ని ఏమీ అనట్లేదు. నెట్ తీసేయాలి, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి, తుడవాలి, రీస్టార్ట్ చేయాలి, కొత్త డ్రైవర్ వేయాలి. పని చేయలేదా, ఐతే పాత డ్రైవర్ వేయాలి. అదీ చేయలేదా, చిప్ కంపెనీది కాదు లాప్‌టాప్ కంపెనీ సైట్లో ఉన్నది వేయాలి, ఆ సైట్లో చివరి డ్రైవర్ లాప్‌టాప్ రిలీజైన కొత్తలోది. ఇక్కడే అసలు మాయ ఒకటుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళగానే అంతా చక్కగా పనిచేస్తుంది. గీతల్లేవు, బ్లూ స్క్రీన్ లేదు. చూశారా సేఫ్ మోడ్‌లో బాగానే ఉందంటే హార్డ్‌వేర్ బ్రహ్మాండంగా ఉన్నట్టేగా అని వెంటనే తీర్పు వచ్చేస్తుంది. సేఫ్ మోడ్‌లో నడిచేది మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్, అది త్రీడీ జోలికే పోదు, పెద్ద కార్డుకి అసలు పని చెప్పదు. పని చెప్పకపోతే ఎవరైనా బాగానే ఉంటారు కదండీ.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఇంకో మెట్టు పైకెక్కిస్తారు, ఫ్యాక్టరీ రీసెట్. డిస్క్‌లో ఉన్న ఫోటోలన్నీ పోతాయి, సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు పోతాయి, పసుపు త్రికోణం మాత్రం అలాగే ఉంటుంది.

నిజం తెలుసుకోవడానికి పెద్ద టైమేం పట్టదు, అందుకే ఆ పద్ధతులు ఎవరూ చెప్పరనుకుంటా. ఒక పెన్ డ్రైవ్‌లో లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే వేరే ఆపరేటింగ్ సిస్టమ్) వేసి బూట్ చేస్తే విండోస్, దాని డ్రైవర్లు మొత్తం సీన్‌లోంచి తప్పుకుంటాయి, అక్కడ కూడా కార్డు మొండికేస్తే ఇంక విండోస్ డ్రైవర్‌ని తిట్టడానికి ఏమీ ఉండదు. అక్కడ టెర్మినల్‌లో, బోర్డుకి తగిలించినవాటి పేర్లు చూపించే ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొడితే కార్డు పేరే లేకపోవచ్చు, లేదా పేరు పక్కన రివిజన్ ఎఫ్ఎఫ్ అని ఉండొచ్చు, అంటే ఏం అడిగినా అవతల్నుంచి జవాబే రావట్లేదని (కరెంటు ఆదా కోసం కార్డుని నిద్రపుచ్చినప్పుడు కూడా అలాగే చూపిస్తుంది, అది చూసి వెంటనే ఏడవకండి). బయట మానిటర్ పెట్టి చూడండి, గీతలు లాప్‌టాప్ స్క్రీన్ మీదే ఉండి మానిటర్ మీద లేకపోతే అది కేబులో ప్యానెలో అయ్యుంటుంది. స్క్రీన్ నేరుగా పెద్ద కార్డుకే తగిలించిన మోడల్ ఐతే లోగో మీద చుక్కలు చాలు, ఇంక జాతకం చూడక్కర్లేదు. న్యాయంగా ఒక మాట కూడా ఒప్పుకోవాలి, ఏదో అప్‌డేట్‌లో డ్రైవర్ సగం సగం పడి కోడ్ 43 రావడం కూడా ఉంది, కాబట్టి శుభ్రంగా తుడిచి ఒక్కసారి మళ్ళీ వేయడంలో తప్పు లేదు. ఒక్కసారి అన్నాను.

ఇంక వేడి వైద్యం. బోర్డు ఊడదీసి, చిప్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ కప్పి, హీట్ గన్ పట్టడం, ఇంకా తెగువ ఉన్నవాళ్ళైతే ఓవెన్‌లోనే పెట్టేయడం. చిప్‌ని బోర్డుకి అతికించే లోహం, అదే సోల్డర్, కరిగి మళ్ళీ అతుక్కుంటుందట. 2006 జూలైలో యూరప్‌లో సీసం మీద ఆంక్షలు అమల్లోకి వచ్చాక ఎలక్ట్రానిక్స్‌లో ఎక్కువగా వాడేది సీసం లేని సోల్డరే, అది కరగడం మొదలెట్టేది దాదాపు 217 డిగ్రీల దగ్గర, పాత సీసం సోల్డర్ ఐతే 183కే కరిగేది. ఓవెన్‌ని 200 దగ్గర పెట్టి సోల్డర్ కరిగిందని సంబరపడేవాళ్ళ బోర్డు మీద కరిగేది ఏదైనా ఉందంటే ప్లాస్టిక్ కనెక్టర్లే. ఐనా చాలాసార్లు లాప్‌టాప్ లేస్తుంది, అదే విచిత్రం. చాలా కేసుల్లో చిప్ కింద బోర్డుకి అతికిన సోల్డర్ గోళీల తప్పు ఏమీ ఉండదు, సిలికాన్ ముక్కకీ దాని కింద ఉన్న చిన్న పలకకీ మధ్య ఇంకా సన్నటి అతుకులుంటాయి, వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి అవి చిట్లుతాయి, గట్టిగా వేడి చేస్తే కాస్త వ్యాకోచించి ఒకదానికొకటి తగులుతాయి, కొన్నాళ్ళకి మళ్ళీ విడిపోతాయి. ఆ కొన్నాళ్ళలోనే వీడియో తీసి బాగైపోయిందని పెట్టేస్తారు.

ఇదంతా ఎవరో కిట్టనివాళ్ళు అల్లిన కథ కాదు. 2008 జూలైలో ఎన్విడియానే తమ కొన్ని లాప్‌టాప్ చిప్‌లలో డై (అదే ఆ సిలికాన్ ముక్క), ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉందని, రిపేర్ల ఖర్చుకి 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని ప్రకటించింది. ఆపిల్ 2011 మ్యాక్‌బుక్ ప్రోలలో ఏఎండీ గ్రాఫిక్స్ పోవడం మీద గోల గోలై చివరికి ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ మొదలైంది 2015 ఫిబ్రవరిలో. అన్నేళ్ళూ ఆ మెషీన్లు వాడినవాళ్ళు ఏం చేసుంటారంటారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ చేసుకుంటూ ఉండుంటారు.

సరే, సారు రారని తేలిపోయింది. కొత్త సారుని పెట్టుకుందామంటే చాలా లాప్‌టాప్‌లలో చిప్ బోర్డుకే అతికేసి ఉంటుంది, ఊడదీసి మార్చే ఎంఎక్స్ఎం కార్డులున్న మోడల్స్ చాలా తక్కువ, కాబట్టి చిప్ పోయిందంటే బోర్డు మొత్తం మార్చాలంటారు. లేదా మంచి పనిమంతుడు దొరికితే చిప్ ఒక్కటే తీసి కొత్తది వేయాలి, పాత చిప్‌కే కొత్త గోళీలు వేయించుకున్నారంటే మళ్ళీ వేడి వైద్యం కథే. వీటన్నిటికన్నా నయం, విండోస్ కన్నా ముందే లేచే బయోస్ మెనూలో ఆప్షన్ ఉంటే అక్కడే పెద్ద కార్డుని ఆపేసి గుమాస్తాతో కాలక్షేపం చేయడం. ఆప్షన్ లేకపోతే డివైస్ మేనేజర్‌లో రైట్ క్లిక్, డిసేబుల్. ఐతే డిసేబుల్ చేసినంత మాత్రాన కార్డు కరెంటు తాగడం మానేస్తుందని గ్యారంటీ లేదు, నిద్రపొమ్మని చెప్పేది డ్రైవరే కాబట్టి ఆ డ్రైవర్‌నే ఆపేశాక సారు పని లేకుండా కుర్చీలో కూర్చుని జీతం తీసుకోవచ్చు. కొన్ని మోడల్స్‌లో హెచ్‌డీఎంఐ పోర్టు వైరు పెద్ద కార్డుకే ఉంటుంది, ఆయనతో పాటు అదీ పోతుంది, యూఎస్‌బీ సీ పోర్టులోంచి డిస్‌ప్లే వస్తుందేమో చూసుకోవాలి, అది కూడా ఆయన చేతిలోనే పెట్టారంటే ఇంక ప్రొజెక్టర్ మీద ఆశ వదులుకోండి.

ఇంతా చేశాక, ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు విసిగిపోయి డ్రైవర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఉంటే గనక, ఏదో ఒక రాత్రి విండోస్ అప్‌డేట్‌కి మీ మీద జాలి కలిగి, అయ్యో ఈ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవరే లేదే అని దానంతటదే దింపి వేసేస్తుంది, పొద్దున లేచేసరికి మళ్ళీ నల్ల స్క్రీన్. డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ అని వెతికి అందులో నో పెట్టుకోండి, ప్రో ఎడిషన్ ఐతే గ్రూప్ పాలసీలో కూడా డ్రైవర్లు దింపొద్దని చెప్పొచ్చు. అన్‌ఇన్‌స్టాల్ కన్నా డిసేబులే మేలు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ నో ఇంకా నో గానే ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి, ఎస్ ఐపోయి ఉంటే సపోర్ట్‌కి ఫోన్ చేయండి, డ్రైవర్ అప్‌డేట్ చేశారా అని అడుగుతారు, ఈసారి ధైర్యంగా చెప్పొచ్చు, మేము చేయలేదండీ, అదే చేసుకుంది అని.