రెండు గీతలు చూసి మందులు మొదలుపెట్టొద్దు

మా నరసన్నపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. "గ్యాస్, కడుపు మంట ఉన్నవాళ్ళందరూ పరగడుపున హెచ్ పైలోరీ రక్తపరీక్ష చేయించుకోండి. పాజిటివ్ వస్తే కడుపులో పుండు ఉన్నట్టే. మందుల కోర్సు వాడి మళ్ళీ రక్తం ఇవ్వండి, నెగటివ్ వచ్చేదాకా ఆపొద్దు. నెగటివ్ వస్తే ఎండోస్కోపీ అనవసరం." హెచ్ పైలోరీ అంటే కడుపులో చేరే ఒక బ్యాక్టీరియా, ఎండోస్కోపీ అంటే గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష. ల్యాబ్‌లో ఆ రక్తపరీక్ష చేసేదాన్ని నేనే కాబట్టి రాయక తప్పడం లేదు.

పరగడుపు మాట ముందు తేల్చేస్తాను. ఈ పరీక్షకి అక్కర్లేదు, టిఫిన్ తినే రండి.

"పాజిటివ్ వస్తే పుండు ఉన్నట్టే." మేం రక్తం వేసి చూసే పరీక్ష కార్డు మీద రెండో గీత పడితే పాజిటివ్. ఆ గీత పడేది బ్యాక్టీరియా వల్ల కాదు. దాని మీద పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీల వల్ల. బ్యాక్టీరియా చచ్చాక కూడా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు రక్తంలో ఉంటాయి. 2018లో తిత్లీ తుపాను పోయాక మా ఉద్దానం ప్రాంతంలో తలలు తెగిన కొబ్బరి మొదళ్ళు చాన్నాళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని చూసి ఈరోజు తుపాను ఉందని ఎవరూ అనలేదు కదా.

ఈ బ్యాక్టీరియా వల్ల పుండ్లు పడతాయన్నది నిజమే. అది కనిపెట్టినందుకే వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఎప్పుడూ మందు వాడనివాళ్ళకి పాజిటివ్ వస్తే అది ఇప్పటికీ కడుపులో ఉండే అవకాశం బాగానే ఉంది, దాన్ని నేను కాదనను. కానీ మన దేశంలో చాలామందికి ఇది చిన్నప్పుడే పడుతుంది, వాళ్ళలో ఎక్కువమందికి జన్మలో పుండు రాదు. ఒళ్ళునొప్పులకి రోజూ బిళ్ళ మింగి పొలానికి వెళ్ళే మనిషికి ఆ బిళ్ళల వల్లే కడుపు మండుతూ ఉండొచ్చు. ఆ సంగతి కార్డు చెప్పదు.

"నెగటివ్ వచ్చేదాకా ఆపొద్దు." నాకు కోపం తెప్పించినది ఈ మాటే. ఉద్దానంలోని కవిటిలో ఉండే మా మావయ్య సరిగ్గా ఇలాగే చేశాడు. మొదటి కోర్సుతో మంట తగ్గింది, అన్నం సయించింది. రెండు నెలలకి రక్తపరీక్ష పాజిటివ్. మళ్ళీ పద్నాలుగు రోజులు యాంటీబయోటిక్స్, నోరంతా చేదు, వాంతులు. మళ్ళీ పాజిటివ్. "ఇంకా పురుగు సావనేదటమ్మా" అంటూ మూడో చీటీ పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. మలంలో యాంటిజెన్ పరీక్ష చేయించాం. అది యాంటీబాడీలని కాదు, బ్యాక్టీరియా తాలూకు పదార్థాన్నే వెతుకుతుంది. నెగటివ్! లేని బ్యాక్టీరియాకి రెండోసారి మందు మింగాడేమో ఆ మనిషి.

ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ భయం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఈ కోర్సుల్లోని బిస్మత్ లాంటి మందులు ప్రమాదం, కొన్ని మందుల డోసు మార్చాలి. పైగా అవసరం లేకుండా వాడిన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ రేపు నిజంగా అవసరమైన రోజున పనిచేయకపోవచ్చు.

బ్యాక్టీరియా పోయిందో లేదో తెలియాలంటే యాంటీబయోటిక్స్ అయిపోయి కనీసం 4 వారాలు గడవాలి. అప్పుడు మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ, ఊపిరితో చేసే యూరియా బ్రెత్ టెస్ట్ గానీ చేయించాలి. దానికి ముందు 2 వారాలు పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు ఆపాలి, డాక్టరునడిగే సుమా. అవి వేసుకుంటూ చేయిస్తే బ్యాక్టీరియా ఉన్నా దొరక్కపోవచ్చు. అమెరికాలో ల్యాబ్ వైద్యులూ టెక్నీషియన్లూ కలిసి ఉన్న సంఘమే ఈ రక్తపరీక్ష రాయొద్దు, ఆ రెండింట్లో ఒకటి చేయించండి అని చెప్పింది. మాలా ల్యాబ్ పని చేసేవాళ్ళే అంత మాట అన్నారంటే ఆలోచించండి. మలం ఇమ్మంటే మనవాళ్ళు సిగ్గుపడతారు. చిన్న డబ్బీలో తెచ్చి ఇస్తే చాలు, మాకది రోజూ ఉన్న పనే.

"నెగటివ్ వస్తే ఎండోస్కోపీ అనవసరం." మలం తారులా నల్లగా అవుతున్నా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తం తక్కువైందని తేలినా ఏ కార్డునీ నమ్ముకోవద్దు. నొప్పి బిళ్ళల పుండుకీ, కడుపులో గడ్డకీ మా కార్డులో గీత లేదు. ఆ లక్షణాలుంటే ల్యాబ్‌కి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏయే బిళ్ళలు మింగుతున్నారో ఆ అట్టలన్నీ సంచిలో వేసుకొని మరీ వెళ్ళండి.